షాపు మేనేజర్ గురించి రాస్తున్న తమ్ముడికి

తమ్ముడూ,

రిటైల్ షాపుకి మేనేజర్‌ని ఎలా ఎంచుకోవాలో చెబుతూ నువ్వు రాసిన వ్యాసం చదివాను. భాష బాగుంది. కానీ ‘నాయకత్వ లక్షణాలు, నిజాయితీ, ఓపిక ఉన్నవారిని తీసుకోవాలి’ అన్నచోట ఆగిపోయాను. ఈ మాట ఏ ఉద్యోగానికైనా సరిపోతుంది. ఇది చదివిన షాపు యజమాని రేపు ఇంటర్వ్యూలో కూర్చుని ఏం అడగాలి?

ముందు ఆ పని ఎలా ఉంటుందో చూపించు. షాపు మూసే వేళే తీసుకో. గల్లాపెట్టెలో డబ్బు లెక్కపెట్టాలి, మర్నాటికి చిల్లర పక్కన పెట్టాలి, మిగిలింది బిల్లింగ్ మెషీన్ చూపించే నగదు మొత్తంతో సరిచూడాలి. ఆ రోజు లెక్క తక్కువొచ్చింది. కౌంటర్‌లోని కుర్రాడు బిక్కమొహం వేసుకుని నిలబడ్డాడు. మేనేజర్ వెంటనే అతని మీద విరుచుకుపడతారా, లేక రద్దయిన బిల్లులు, వాపసు వచ్చిన సరుకులు ఒక్కొక్కటే చూశాకే నోరు విప్పుతారా? ఇంత రాస్తే ఓపిక అన్న మాట విడిగా రాయక్కర్లేదు.

‘మీకు ఓపిక ఉందా?’ అంటే లేదనేవాళ్లుండరు. ‘ఇంతకుముందు క్యాష్ తేడా వచ్చినప్పుడు ఏం చేశారు? ముందు ఎవరితో మాట్లాడారు? తర్వాత పద్ధతి ఏమైనా మార్చారా?’ అని అడగమను. వచ్చినవాళ్లందరినీ అవే ప్రశ్నలు అడగాలి. లేకపోతే మాటకారులే నెగ్గుకొస్తారు. సరుకు తరుగు, అంటే లెక్క ప్రకారం అమ్మకానికి ఉండాల్సిన సరుకు తగ్గిపోవడం, ఎందుకొస్తుందో కూడా అడగాలి. దొంగతనం ఒక్కటే చెప్పి ఊరుకుంటే స్టాక్ లెక్క దగ్గరుండి చూసిన అనుభవం తక్కువేమోనని అనుమానించాలి. గడువు దాటిన సరుకు, తప్పు బిల్లు, సప్లయర్ తక్కువ పంపడం, ఇవన్నీ తరుగే కదా.

అమ్మకాల్లో ఫస్ట్ ఉన్నవాళ్లనే మేనేజర్ చేసేయడం గురించి ఒక్క వాక్యంతో సరిపెట్టావు. దాన్ని పెంచు, చాలా షాపులు దెబ్బతినేది అక్కడే. అమ్మడం వేరు, అమ్మేవాళ్ల చేత పని చేయించడం వేరు. రద్దీ రోజున మేనేజరే కౌంటర్‌లో మునిగిపోతే, గోడౌన్ నుంచి సరుకు రాలేదని, బిల్లింగ్ దగ్గర క్యూ పెరిగిందని పట్టించుకునేదెవరు? మంచి సేల్స్‌మన్ పోతాడు, మేనేజర్ కుర్చీలో టెన్షన్ పడే మనిషి మిగులుతాడు.

యజమాని వైపు బాధ్యత నీ వ్యాసంలో అసలు లేదు. జీతం, వారపు సెలవు సరే. డిస్కౌంట్ ఇవ్వడానికి, సరుకు వాపసు తీసుకోవడానికి, సిబ్బందిని ఎంచుకోవడానికి మేనేజర్‌కి ఎంతవరకు అధికారం ఉంటుందో చేర్చుకునే ముందే చెప్పాలి. ప్రతిదానికీ యజమానికి ఫోన్ చేయాల్సి వస్తే పని తెలిసినవాళ్లు ఎక్కువ కాలం నిలవరు.

ఒకటి రెండు షాపుల్లో తెరిచే వేళా మూసే వేళా నిలబడి చూడు. యజమానులతో ఆగకుండా సేల్స్ సిబ్బందితోనూ మాట్లాడు, ఎలాంటి మేనేజర్ దగ్గర పని మానేశారో అడుగు. ఆ తర్వాత తిరగరాసి పంపు.

నీ అన్నయ్య