నడిచే బండి ఎందుకు పడిపోదు?

కాలువ గట్టు మీద ఆపిన రెండు చక్రాల బండి కాలు ఆనించకపోతే ఒరిగిపోతుంది కదా, అదే బండి కదులుతుంటే ఎలా నిలబడుతుందన్నది ప్రశ్న. తిరిగే చక్రాల గైరోస్కోపిక్ ప్రభావమే (వేగంగా తిరిగే వస్తువు తన అక్షం పక్కకు వాలకుండా ఎదురునిలిచే గుణమే) కారణమని చాలామంది చెబుతారు గాని, అది సగం నిజమే. ఆ ప్రభావాన్ని ఎదురు తిరిగే చక్రాలతో రద్దు చేసినా సైకిలు తనంతట తాను నిలబడగలదని 2011లో నెదర్లాండ్స్‌లోని డెల్ఫ్ట్, అమెరికాలోని కార్నెల్ విశ్వవిద్యాలయాల పరిశోధకులు చేసి చూపించారు.

అసలు పని హ్యాండిల్‌ది. బండి ఎటు ఒరిగితే ముందు చక్రం అటే తిరుగుతుంది. దాంతో చక్రాలు ఆ వైపుకే జరిగి, మళ్లీ బరువు కిందికి చేరతాయి. ముందు చక్రాన్ని పట్టి ఉంచే ఫోర్కు వాలుగా ఉంటుంది కనుక, హ్యాండిల్ తిరిగే అక్షాన్ని కిందికి పొడిగిస్తే, టైరు నేలను తాకే చోటుకన్నా ముందుగా, మోటార్‌సైకిళ్లలో సుమారు 10 సెంటీమీటర్ల ముందు, అది నేలను చేరుతుంది. ట్రెయిల్ అనే ఈ దూరం చక్రాన్ని ఒరిగిన వైపు తిప్పడానికీ, తిరిగి తిన్నగా తేవడానికీ తోడ్పడుతుంది. వేగం బాగా తగ్గినప్పుడు మాత్రం ఆ సర్దుబాటంతా నడిపేవారి చేతులదే.

కోనసీమలో స్కూటర్ వెనక కొబ్బరికాయల బస్తా కట్టినప్పుడు హ్యాండిల్ తేలిపోయి వణకడం చాలామందికి అనుభవమే. ముందు చక్రం మీద బరువు తగ్గడమే అందుకు కారణం. వానకు నానిన గట్టు మట్టిలోనైతే టైరుకు పట్టే దొరకదు కనుక, హ్యాండిల్ ఎటు తిప్పినా చక్రాలు మళ్లీ బండి బరువు కిందికి రాలేవు.