పూలు ఎండబెట్టాలంటే రేకులు కాదు, అడుగు చూడు

చి. సౌ. రేవతికి పెద్దమ్మ దీవెనలు.

పూలు ఎండబెట్టి ఫ్రేములు చేయాలనుకుంటున్నావని మీ అమ్మ చెప్పింది. సంతోషం. తిరుపతి సిట్రస్ పరిశోధన కేంద్రంలో ఈ పని ఆడవాళ్లకు నేర్పించారు. పూజ పూలతో దేవుడి పటాలు చేయించేందుకు 2021లో టీటీడీ, ఉద్యాన విశ్వవిద్యాలయం ఒప్పందం చేసుకున్నాయి. వీలు చూసుకుని అక్కడ విచారించు.

మల్లెలు, జాజుల జోలికి పోవద్దమ్మీ, ఎంత జాగ్రత్తపడినా గోధుమరంగుకు తిరుగుతాయి. పసుపు చామంతి, బంతి రంగు బాగా నిలుస్తుంది. ఎర్ర రోజా ఎండితే నల్లబడుతుంది, లేతరంగువి తీసుకో. బొగడబంతికయితే ఏ తంటా లేదు, కట్టగట్టి చీకటిగదిలో తలకిందులుగా వేలాడదీస్తే చాలు.

మంచు ఆరాక కొయ్యాలి. పూర్తిగా విచ్చినవి వద్దు, రేకులు రాలిపోతాయి. మార్కెట్లో నీళ్లు చల్లి అమ్ముతారు కదా, పువ్వును బోర్లించి విదిలించి చూడు. చుక్క రాలినా దాన్ని పక్కన పెట్టెయ్.

పువ్వులోని తడిని పీల్చేసే సిలికా జెల్ సన్నరవ్వలా ఉండాలి. చెప్పుల డబ్బాల్లో వచ్చే గింజలు రేకుల మీద గుంటలు పెడతాయి. నీలంరంగుది కొనొద్దు, అందులో ఒంటికి హాని చేసే కోబాల్టు ఉంటుంది, నారింజరంగుది మేలు. మూత బిగుతుగా ఉండే డబ్బాలో అంగుళం మందాన పోసి, కాడ అంగుళం ఉంచి కత్తిరించిన పువ్వును పైకి చూసేలా నిలబెట్టు. తీగ గుచ్చాలంటే ఇప్పుడే గుచ్చు, ఎండాక కాడ విరిగిపోతుంది. చెంచాతో ముందు చుట్టూ పోసి, పువ్వు ఆకారం కదలకుండా ఆనిక ఇచ్చాక రేకుల సందుల్లోకి కొంచెం కొంచెంగా జార్చు. నడినెత్తిన గుమ్మరిస్తే రేకులు నలిగి అలాగే ఎండిపోతాయి. పువ్వు పూర్తిగా మునిగాక మూతకు టేపు వెయ్యి. ముక్కుకు గుడ్డ కట్టుకో, ఆ దుమ్ము మంచిది కాదు.

చామంతి నాలుగు నుంచి ఆరు రోజులు, రోజా అయిదు నుంచి ఏడు. అసలు చిక్కు ఇక్కడే. రేకులు గలగలలాడితే ఎండిపోయిందనుకుంటారు, కానీ తడి దాక్కునేది పువ్వు అడుగున, రేకులన్నీ కలిసే చోట. అక్కడ బొటనవేలితో నొక్కు. మెత్తగా తగిలితే పువ్వును జెల్ పైన పెట్టి, మూతేసి ఇంకో రోజు ఉంచు. తొందరపడితే రేకులు వాలిపోతాయి, అడుగున బూజు పడుతుంది. మరీ ఎక్కువ రోజులుంచితే తాకగానే పొడిపొడి అయిపోతుంది. బయటికి తీశాక మెత్తటి బ్రష్‌తో దుమ్ము దులిపి, వదులుగా ఉన్న రేకులకు అడుగున చుక్క జిగురు వెయ్యి.

జెల్ రంగు మారితే తడి పీల్చుకుందని అర్థం. 120 డిగ్రీల ఓవెన్లో గంటో రెండు గంటలో కలియబెడుతూ ఉంచితే మళ్లీ పనికొస్తుంది. ఆ పళ్లెం మళ్లీ వంటకు వాడొద్దు.

అక్టోబరు నుంచి డిసెంబరు దాకా మనకు వానలు. ఎండిన పువ్వు ఆ గాలిలోని తేమంతా లాగేసుకుంటుంది. అప్పటిదాకా ఆగకుండా గాజు ఫ్రేములో పెట్టి అంచులు మూసెయ్, అట్ట వెనక చిన్న జెల్ పొట్లం దాచు. ఎండ తగిలే గోడకు తగిలించొద్దు, రంగు వెలిసిపోతుంది.

ముందు నాలుగు చామంతులతో మొదలుపెట్టు. చెయ్యి తిరిగాక రోజాలు పట్టుకో.

మీ పెద్దమ్మ