ఫోర్స్ పెట్టినా గోల్స్ ఎందుకు పడుతున్నాయి? అల్టిమేట్ ఫ్రిస్బీ డిఫెన్స్ గురించి

మీ జట్టులో అందరూ బాగా పరిగెత్తుతారు, ఫోర్‌హ్యాండ్ వైపు ఫోర్స్ (త్రోయర్ ఆ ఒక్క వైపుకే వేసేలా చేయడం) అనుకునే దిగుతారు, అయినా అవతలి వాళ్లు నాలుగైదు పాసుల్లో ఎండ్‌జోన్‌కి (డిస్క్ అందుకుంటే గోల్ వచ్చే చివరి భాగం) చేరిపోతున్నారు, మ్యాన్ డిఫెన్స్ (ఒక్కొక్కరూ ఒక్కో ఆటగాడిని కాయడం) మానేసి జోన్ (మైదానంలో చోట్లు పంచుకుని కాయడం) ఆడాలా అని అడిగారు. ఇప్పుడే మానకండి. మీరు చెప్పినదాన్ని బట్టి లోపం కాళ్లలో కాదు, మార్కర్ దగ్గర, అంటే డిస్క్ పట్టుకున్న త్రోయర్ ఎదుట నిలబడి కాసేవాడి దగ్గర ఉంది.

మైదానం వెడల్పు 37 మీటర్లు. ఎటు కట్ చేయాలో (పాస్ అందుకోవడానికి ఎటు పరుగు తీయాలో) కట్టర్‌కి ముందే తెలుసు, వెంట ఉన్న డిఫెండర్‌కి తెలియదు. ఆ అర అడుగు ఆలస్యంతో అటూ ఇటూ రెండు వైపులా కాయడం ఎవరివల్లా కాదు. అందుకే మార్కర్ ఒక సగం మూసేస్తాడు, మిగతా ఆరుగురూ తెరిచి ఉన్న సగం, అంటే ఓపెన్ సైడ్ కాస్తారు. మూసిన వైపుకి, అంటే బ్రేక్ సైడ్‌కి, ఒక్క బ్రేక్ త్రో వెళ్లిందంటే ఆ ఆరుగురూ ఒకేసారి తప్పు వైపున మిగిలిపోతారు. తరువాతి రెండు మూడు పాసులు అందుకే అంత తేలిగ్గా వెళ్తాయి.

మార్కర్ ఎక్కువగా చేసే తప్పు చేతులు పైకెత్తి నిలబడడం. బ్రేక్ త్రోలు చాలావరకు నడుము కింద నుంచే వస్తాయి. మోకాళ్లు వంచి, అరచేతులు మోకాలి ఎత్తున ఉంచి, బరువు మునివేళ్ల మీద వేసి చిన్న చిన్న అడుగులతో పక్కకి జరగాలి. చేయి చాచడానికి ముందే కాలు కదలాలి. చూపు డిస్క్ మీద కాదు, త్రోయర్ నడుము మీద ఉంచండి. ఫేక్‌లో (వేసినట్టు నటించినప్పుడు) చేయి ఎటైనా తిరుగుతుంది, నడుము అంత తేలిగ్గా మోసం చేయదు. మరీ మీదకి వెళ్లొద్దు: త్రోయర్‌కి ఒక డిస్క్ వెడల్పు, అంటే సుమారు 27 సెంటీమీటర్లు, ఎడం ఉండాలి. అది తగ్గితే డిస్క్ స్పేస్ అని పిలుస్తారు, స్టాల్ లెక్క (త్రోయర్ డిస్క్ వేయడానికి ఉన్న సమయాన్ని మార్కర్ పైకి లెక్కపెట్టడం) ఒకటి వెనక్కి పోతుంది. చేయి తగిలి ఫౌల్ అయితే ఇంకా నష్టం. ఏడు దాకా వచ్చిన లెక్క మళ్లీ ఒకటి నుంచి మొదలవుతుంది.

బ్రేక్ త్రోలు రెండు రకాలు. మార్కర్‌కి ఓపెన్ వైపున్న చేతి పక్కనుంచి దూరి వెళ్లేది ఇన్‌సైడ్, బయటినుంచి చుట్టి వెళ్లేది అరౌండ్. రెండూ ఆపాలని చూస్తే రెండూ పోతాయి. లెక్క మొదట్లో ఇన్‌సైడ్ ఆపండి. అది బల్లపరుపుగా, వేగంగా పోతుంది, వెనకవాళ్లకి అందుకునే సమయం ఇవ్వదు. అరౌండ్ గాల్లో కాస్త తేలుతుంది కాబట్టి డిఫెండర్‌కి పరుగెత్తే వీలుంటుంది. లెక్క ఆరు, ఏడుకి వచ్చేసరికి త్రోయర్ డంప్ (వెనకనున్నవాడికి ఇచ్చే చిన్న పాస్) కోసం తిరుగుతాడు. అప్పుడు అర అడుగు అరౌండ్ వైపు జరిగితే స్వింగ్ (మైదానం అవతలి పక్కకి అడ్డంగా వేసే పాస్) కష్టమవుతుంది.

ఇక డంప్‌ని కాసేవాళ్లు. ఊపిరి తీసుకోవడానికి దొరికిన చోటులా చాలామంది అక్కడ నిలబడిపోతారు, నన్నడిగితే సగం మ్యాచ్‌లు పోయేది అక్కడే. హ్యాండ్లర్‌ని (డంప్ అందుకోవడానికి త్రోయర్ దగ్గరుండేవాడిని) కాసేటప్పుడు ముందు ఆపాల్సింది అప్‌లైన్ కట్‌ని, అంటే త్రోయర్‌ని దాటి ఎండ్‌జోన్ వైపు తీసే పరుగుని. అక్కడ డిస్క్ అందుకున్నవాడి ముందు మార్కర్ ఉండడు, మైదానమంతా తెరిచి ఉంటుంది, పొడుగు త్రో వెంటనే వస్తుంది. వెనక్కి పాస్ ఇచ్చుకుంటే ఇచ్చుకోనివ్వండి. కానీ స్వింగ్ వెళ్లగానే కొత్త మార్కర్ డిస్క్ అందుకున్న మనిషికి ఎదురుగా నేరుగా పరిగెత్తకూడదు, బ్రేక్ సైడ్ భుజం వైపుగా రావాలి. నేరుగా వస్తే ఆగేలోపే బ్రేక్ త్రో వెళ్లిపోతుంది. 3 మీటర్ల లోపలికి చేరితేనే లెక్క మొదలుపెట్టవచ్చు కాబట్టి ఆ పరుగులో బద్ధకిస్తే అవతలివాళ్లకి ఉచితంగా సెకన్లు ఇచ్చినట్టే.

కట్టర్‌ని కాసేవాళ్లు డిస్క్‌నీ మనిషినీ రెంటినీ చూసేలా ఒళ్లు సగం తిప్పి, ఓపెన్ సైడ్‌లో నిలబడాలి. త్రోయర్ పొడుగ్గా బాగా వేస్తాడంటే రెండు మూడు మీటర్లు వెనక ఉండి అండర్ (త్రోయర్ వైపు వచ్చే కట్) వదిలేయండి. అతనికి ఎదురుగాలి ఉంటే ముందుకి రండి. డిస్క్ గాల్లోకి లేవగానే మార్కర్ "అప్" అని గట్టిగా అరవాలి. వీపు తిప్పి పరిగెత్తేవాడికి వేరే దారిలో తెలియదు. బయట ఉన్న సబ్‌లు కూడా ముందు పేరు పిలిచి తరువాత మాట చెప్పాలి, లేకపోతే ఎవరికి చెబుతున్నారో తెలియక ఇద్దరు తిరుగుతారు.

జోన్ గాలి బాగా ఉన్న రోజుకి దాచుకోండి. త్రోయర్‌ని చుట్టి నిలబడే కప్‌లో ముగ్గురు, వాళ్ల వెనక షార్ట్ డీప్ ఒకరు, రెండు పక్కలా వింగ్‌లు ఇద్దరు, అందరికంటే వెనక డీప్ ఒకరు. త్రోయర్‌కి 3 మీటర్ల లోపల మార్కర్ ఒక్కడే ఉండాలి. కప్‌లో మిగతా ఇద్దరూ ఇంకో ఆటగాడిని కాస్తూ లేకపోతే డబుల్ టీమ్ అవుతుంది. కప్ విరిగేది సాధారణంగా స్వింగ్ అప్పుడే: దూరపువాడు ఆలస్యంగా వస్తే మధ్యలో సందు పడి డిస్క్ దూరిపోతుంది. పరుగు కూడా కప్‌కే ఎక్కువ, ఆ ముగ్గురినీ పాయింట్ పాయింట్‌కీ మార్చండి.

సాధనకి ఇది చేయండి. త్రోయర్, మార్కర్, 10 మీటర్ల దూరంలో రిసీవర్. రిసీవర్ బ్రేక్ సైడ్‌లోనే అటూ ఇటూ కదులుతాడు, మార్కర్ పైకి లెక్కపెడుతూ ఆపాలి. పది త్రోల్లో ఇన్‌సైడ్ ఎన్ని దాటాయో, అరౌండ్ ఎన్ని దాటాయో విడివిడిగా రాసుకోండి. అన్నీ అరౌండ్ అయితే నిలబడే కోణం సరిచేయాలి. ఇన్‌సైడ్ ఎక్కువైతే మీ మార్కర్ మొదటి ఫేక్‌కే కదిలిపోతున్నాడు.