ఫొటోలకు సన్నని అంచు, కింద కెమెరా వివరాలు: ఒకేసారి అన్నింటికీ ఎలా?

రెండు వందల ఫొటోలకు తెల్ల అంచు వేసి, కింద షట్టర్ స్పీడు, అపర్చర్, ఐఎస్ఓ అనే కెమెరా సెట్టింగులు రాయాలి, ఎలా అని అడిగారు. ఆ అంకెలు మీరు టైప్ చేయక్కర్లేదు. కెమెరా ప్రతి జేపెగ్ ఫైలులోనూ వాటిని ఎగ్జిఫ్ అనే భాగంలో రాసి పెడుతుంది. ఆ అంకెల్ని చదివి బొమ్మ మీద అచ్చు వేయడమే మన పని.

విండోస్‌లో అయితే ఇర్ఫాన్‌వ్యూ అనే ఫొటో ప్రోగ్రామ్ చాలు, సొంత వాడకానికి ఉచితం. ఫొటోలన్నింటినీ ఒకేసారి మార్చే దాని బ్యాచ్ కన్వర్షన్‌లో అడ్వాన్స్‌డ్ నొక్కితే కాన్వాస్ సైజు, ఓవర్‌లే టెక్స్ట్ రెండూ కనిపిస్తాయి. మొదటిది అంచుకి, రెండోది అక్షరాలకి. టెక్స్ట్ పెట్టెలో ఎగ్జిఫ్ కోడ్‌లు, అంటే ఒక్కో వివరానికి ఉండే గుర్తులు, ఇస్తే ఏ ఫొటోకి ఆ ఫొటో వివరాలే పడతాయి.

అంచు పిక్సెళ్లలో ఇస్తాం కాబట్టి ముందు ఫొటోలన్నీ ఒకే కొలతకు తెచ్చుకోండి. లేకపోతే ఒకదానికి దారంలా, ఇంకోదానికి పట్టుచీర అంచులా వస్తుంది! 2000 పిక్సెళ్ల వెడల్పుకి మూడు వైపులా 40, కింద 120 నాకు బాగా నచ్చిన కొలత. అక్షరాలు నలుపు కన్నా బూడిద రంగులో ఉంటేనే చూపు ఫొటో మీద నిలుస్తుంది.

వాట్సాప్‌లో మామూలుగా పంపిన ఫొటోలో ఎగ్జిఫ్ మిగలదు. డాక్యుమెంటుగా తెప్పించుకోండి. ఫలితాలు మాత్రం వేరే ఫోల్డర్‌లోకే పంపండి. ఒరిజినల్ మీద ఒకసారి అంచు పడితే మళ్లీ కత్తిరించుకోవడం తప్పదు.