అనెమొనీ గడ్డలు నాటేముందు

అమ్మడూ,

నువ్వు పంపిన అనెమొనీ పూలమొక్క గడ్డల ఫోటో చూశాను. ఎండిపోయిన శొంఠి ముక్కల్లా ఉన్నాయి, బతుకుతాయా పెద్దమ్మా అని అడిగావు. బతుకుతాయి. ఎండి ఉన్నాయని భయం వద్దు, నీళ్లు ఎక్కువైతేనే చచ్చిపోతాయి.

అమెరికాలో ఈ ర్యాలీ ఊరికి వచ్చిన కొత్తలో నేను ఇరవై గడ్డలు కొని, శనగలు నానేసినట్టు రాత్రంతా నీళ్లలో ఉంచేశాను. పొద్దునకి బాగా ఉబ్బాయని సంతోషంగా నాటాను. నెలైనా ఒక్క మొలక లేదు. తవ్వితే మెత్తబడి, కంపు కొడుతూ చేతికొచ్చాయి. చాలా బాధపడ్డాను. నువ్వు మూడు నాలుగు గంటలే నానబెట్టు. ఇడ్లీకి మినప్పప్పు నానేసేంత సేపు, అంతే.

తీశాక తడి మట్టి పరిచిన ట్రేలో కప్పి, చల్లగా ఉండే గరాజ్‌లో పది, పన్నెండు రోజులు ఉంచు. ఆ మట్టిని గుప్పిట్లో పిండితే చుక్క కారకూడదు. తెల్లటి వేళ్లు కనిపిస్తే నాటొచ్చు. బూజు పట్టినవి పారెయ్యి.

మీ షార్లెట్‌లోనూ ఇక్కడిలాగే ఎర్రమట్టి. చూస్తే మన ఊరు గుర్తొస్తుంది కానీ, ఈ గడ్డలకి మాత్రం అది పనికిరాదు. బంకమట్టి, నీరు నిలుస్తుంది. ఎత్తుగా మడి కట్టి కంపోస్ట్ కలుపు. రెండంగుళాల లోతు, ఆరంగుళాల ఎడం చాలు. మొన కిందికి ఉండాలి. ఏది మొనో తెలియకపోతే పక్కకి పడుకోబెట్టు, మొలక దానంతటదే పైకొస్తుంది. మొలిచేదాకా పైన వలకంచె వెయ్యి, లేకపోతే ఉడతలు తవ్వేస్తాయి.

అక్టోబర్ చివర్లోగానీ నవంబర్‌లోగానీ నాటితే చలికాలమంతా కొత్తిమీరలాంటి ఆకులతో ఉంటుంది. గట్టిగా మంచు పడే రాత్రి గుడ్డ కప్పు. మార్చిలో ఎరుపు, ఊదా, తెలుపు పూలు, మధ్యలో కాటుక పెట్టినట్టు నల్లటి బొట్టు! రాత్రి ముడుచుకుని పొద్దున విచ్చుకుంటాయి. అలా రెండుసార్లు విచ్చాక కాడ మొదలు దగ్గర కత్తిరిస్తే వాజ్‌లో వారం పైనే ఉంటాయి.

ఒక్క విషయం మాత్రం మర్చిపోకు. ఈ మొక్కంతా విషమే. రసం తగిలితే చర్మం మండుతుంది, గ్లవ్స్ వేసుకో. బాబు ఆకు నోట్లో పెట్టుకోకుండా చూడు.

ఎండలు ముదిరితే ఆకులు పసుపు రంగుకి తిరుగుతాయి. అప్పుడు నీళ్లు ఆపెయ్యి. ఇక్కడి వేసవి వానలకి గడ్డలు కుళ్లిపోతుంటాయి, అందుకే నేను ఏటా కొత్తవే కొంటాను.

నానబెట్టే రోజు పొద్దున్నే ఫోన్ చెయ్యి. టైమయ్యాక నేనే గుర్తుచేస్తాను.

నీ పెద్దమ్మ