సంచి విప్పే అరగంటే చేపపిల్లకు గండం

ప్రశ్న: సార్, మాది నెల్లూరు జిల్లా వింజమూరు దగ్గర పల్లె. నిమ్మతోట కోసం బోరు నీళ్లు నిల్వ చేసుకునే గుంట ఉంది. అర ఎకరం, ఐదడుగుల లోతు. అందులో వదలడానికి కైకలూరు వైపు నుంచి 2,000 బొచ్చె, శీలావతి పిల్లలు తెచ్చాం. మూడంగుళాల సైజు. కిరాయి కలిసొస్తుందని సంచికి వంద చొప్పున 20 ఆక్సిజన్ సంచుల్లో సర్దించాం. తెల్లవారి 5కి బయలుదేరితే చేరేసరికి మధ్యాహ్నం 2 దాటింది. మధ్యలో కావలి దగ్గర ఆగి, ఎలా ఉన్నాయోనని సంచులు విప్పి చూసి మళ్లీ కట్టాం. గుంట దగ్గర అన్నిటినీ డ్రమ్ముల్లో పోసి, బకెట్లతో వదిలాం. సాయంత్రానికి సగం తేలాయి. మిగిలినవి మూడు రోజులపాటు ఒంటిమీద దూదిలాంటి బూజుతో చచ్చిపోయాయి. అమ్మినవాళ్లు మీ నీళ్లే మంచివి కావంటున్నారు. మళ్లీ తెమ్మంటారా, మానుకోమంటారా?

జవాబు: తెచ్చుకోండి. మీ నీళ్లకు ఇందులో కొంత పాత్ర ఉండొచ్చు. కానీ మీరు రాసినదాన్ని బట్టి అసలు దెబ్బ సంచి సర్దినప్పుడు, కావలిలో విప్పినప్పుడు, గట్టు మీద డ్రమ్ములో పోసినప్పుడు తగిలింది.

ముందు లెక్క చూద్దాం. 16–18 లీటర్లు పట్టే సంచిలో మూడోవంతు నీళ్లు, మిగతాదంతా ఆక్సిజన్ ఉండాలి. పన్నెండు గంటల ప్రయాణానికి రెండంగుళాల పిల్లలైతే సుమారు 200 దాకా పడతాయి. మూడంగుళాలవి 50 మించకూడదు. మీరు వంద వేయించారు. కిరాయిలో మిగిలిన డబ్బు కంటే పోయిన పిల్లల ఖరీదే ఎక్కువైంది.

రెండోది పస్తు. సర్దడానికి ముందు ఒక రోజంతా పిల్లలకు మేత ఆపి, హాపాలోనో (నీళ్లలో కట్టే సన్న వల తొట్టి), సిమెంటు తొట్టిలోనో ఉంచాలి. కడుపు ఖాళీ కాకుండా ఎక్కిస్తే దారిపొడవునా రెట్ట వేస్తాయి, నీళ్లలో అమ్మోనియా పెరుగుతుంది. ఈసారి ఒకటి రెండు సంచులు వెలుతురుకు ఎత్తి చూడండి. నీళ్లు మసకగా ఉండి, అడుగున రెట్ట దారాల్లా కనిపిస్తే మేత ఆపలేదని అర్థం. ఆ సంచులు తీసుకోకండి.

ఇక సంచి విప్పడం. ఇది చాలామందికి తెలియదు కాబట్టి కాస్త వివరంగా చెబుతాను. మూసిన సంచిలో పిల్లలు వదిలే కార్బన్ డయాక్సైడ్ నీళ్లలోనే ఉండిపోయి, నీళ్లు ఎంత ఆమ్లమో ఎంత క్షారమో చెప్పే కొలతైన పిహెచ్‌ను తగ్గిస్తుంది. పిహెచ్ 7 దగ్గర ఉన్నంతసేపు అమ్మోనియాలో నూటికి ఒక వంతు కూడా విషంగా మారదు. అదే 9కి చేరితే మూడోవంతుకు పైనే విషమవుతుంది. మూతి విప్పగానే ఆ గాలి బయటికి పోతుంది, పిహెచ్ పెరుగుతుంది, అప్పటిదాకా ఊరుకున్న అమ్మోనియా మొప్పల మీద పడుతుంది. కావలిలో మీరు ప్రేమతోనే చూశారు. కానీ ఆక్సిజన్ పోయింది, పైగా మళ్లీ నింపకుండా కట్టారు. ఆ తర్వాత డ్రమ్ములో ఇరుకున పోసి, పిహెచ్ బాగా పెరిగి ఉండే మధ్యాహ్నం ఎండవేళ గుంటలో వదిలారు. సాయంత్రానికి సగం పోవడంలో ఆశ్చర్యం లేదు.

బూజు గురించి కంగారు పడొద్దు. అది రోగమై వచ్చి చంపలేదు. ఇరుకులో, బకెట్లలో పొలుసులు ఊడిన చోట అది పట్టింది. గాయం కాకుండా చూసుకుంటే అదీ రాదు.

ఈసారి రాత్రి 9, 10 గంటలకు ఎక్కించండి. సంచులను అట్టపెట్టెల్లో పెట్టి, మీద తడి గోనెపట్టాలు కప్పండి. దారిలో ఎక్కడ టీ తాగినా సంచి మూతి ముట్టుకోవద్దు. ఉదయం 7 గంటలకల్లా చేరితే, విప్పకుండానే గుంటలో నీడపాటున 20 నిమిషాలు తేలనివ్వండి. లోపలి నీళ్లూ బయటి నీళ్లూ ఒకే వేడికి వస్తాయి. అప్పుడు ఒక్కో సంచి విప్పి, గుంట నీళ్లు మగ్గుతో నాలుగైదుసార్లు, నిమిషం నిమిషం ఆగి పోయండి. ఐదారు నిమిషాలు చాలు, ఎక్కువ నాన్చకండి. తర్వాత సంచిని నీళ్లలోనే పక్కకు వంచితే పిల్లలు వాటంతటవే ఈదుకుంటూ పోతాయి. పైనుంచి కుమ్మరించొద్దు.

ఒక యాభై పిల్లల్ని మాత్రం గుంటలోనే చిన్న హాపా కట్టి రెండు రోజులు ఉంచండి. అవి బతికితే మిగతావీ బతికినట్టే. చస్తే ఎన్ని చచ్చాయో చేతిలో లెక్క ఉంటుంది, అమ్మినవాళ్లతో మాట్లాడడానికి ఆధారమూ ఉంటుంది.

నీళ్ల సంగతి. మెట్ట ప్రాంతాల్లో బోరు నీళ్లు తరచూ క్షారంగా ఉంటాయి. అందుకే అందరూ వేస్తున్నారని సున్నం చల్లకండి. ఒక సీసాలో నీళ్లు పట్టి పిహెచ్, అమ్మోనియా చూపించండి. కావలి, కోవూరు వైపు రొయ్యల చెరువుల కోసం నడిచే ల్యాబుల్లో చేస్తారు. పిహెచ్ 8.5 దాటితే సున్నం అక్కర్లేదు. బోరు నీళ్లలో ఆక్సిజన్ తక్కువ కాబట్టి పైపును గట్టు మీద రాళ్లపై పడేలా పెట్టి, చిమ్ముతూ లోపలికి వెళ్లనివ్వండి.

గుంటలో కొర్రమీను, జెల్ల ఉంటే ఈ పిల్లలు వాటికి మేతే అవుతాయి. వాటిని చంపడానికి మీ గుంటకు ఇప్పపిండి (ఇప్పగింజల చెక్క) వాడితే ముప్పాతిక టన్ను దాకా కావాలి. దానికంటే వేసవిలో ఒకసారి ఎండగట్టడం మేలు.

అర ఎకరానికి, నీళ్లలో గాలి కలిపే యంత్రం (ఏరియేటర్) లేదు కాబట్టి, 1,000 నుంచి 1,200 పిల్లలు చాలు. బొచ్చె, శీలావతితోపాటు అడుగున తిరిగే మృగాల రకం చేపపిల్లలు కొన్ని కలపండి. ఆఫ్రికన్ క్యాట్‌ఫిష్ తెచ్చిస్తామని ఎవరైనా అన్నా వద్దనండి, దాని పెంపకం మీద నిషేధం ఉంది. మేతగా తవుడు, వేరుశనగ చెక్క సమపాళ్లలో ఇవ్వొచ్చు. తెల్లవారుజామున పిల్లలు పైకి వచ్చి నోళ్లు తెరుస్తుంటే ఆ రోజు మేత ఆపి, మోటారుతో గుంట నీళ్లనే పైకి చిమ్మండి. తోటకు ఎంత తోడినా మూడున్నర అడుగులు మిగలనివ్వండి.

మీది నిమ్మతోట కాబట్టి ఇది మరీ ముఖ్యం. మందు కొట్టిన స్ప్రేయర్‌ను గుంటలో కడగొద్దు, గాలి గుంట వైపు ఉన్నప్పుడు మందు కొట్టొద్దు. సైపర్‌మెత్రిన్ వంటివి రవ్వంత పడినా చేపలు బతకవు. మీ కూలీలకు ఈ మాట ముందే చెప్పి, డ్రమ్ములు కడగడానికి గుంటకు దూరంగా ఒక చోటు చూపించండి.