సర్టిఫికెట్ ముందా, సాధన ముందా?

ప్రశ్న: బీఎస్సీ కంప్యూటర్స్ పూర్తి చేశాను. క్లౌడ్ ఉద్యోగానికి ముందు ఏడబ్ల్యూఎస్ (అమెజాన్ క్లౌడ్ సేవ) సర్టిఫికెట్ రాయాలా?
– ఒక పాఠకురాలు, ఖమ్మం

జవాబు: ముందు లినక్స్, నెట్‌వర్కింగ్ పట్టండి. /24 సబ్‌నెట్‌లో (నెట్‌వర్క్‌లో ఒక ముక్క) 256 ఐపీ అడ్రసులుంటే ఏడబ్ల్యూఎస్‌లో 251 మాత్రమే ఎందుకు వాడగలమో చెప్పగలగాలి (ఐదింటిని అదే అట్టేపెట్టుకుంటుంది).

తర్వాత ఒక వీపీసీ (క్లౌడ్‌లో మీ సొంత ప్రైవేట్ నెట్‌వర్క్) కట్టండి: పబ్లిక్ సబ్‌నెట్‌లో వెబ్ సర్వర్, ప్రైవేట్ సబ్‌నెట్‌లో డేటాబేస్. సర్వర్‌కు ఎస్ఎస్‌హెచ్ చేస్తే (దూరం నుంచి లాగిన్ అయితే) టైమౌట్ వస్తోందా? సెక్యూరిటీ గ్రూపులో (సర్వర్ ఫైర్‌వాల్) ఎస్ఎస్‌హెచ్ వాడే 22వ పోర్టు మీ ఐపీకి తెరిచి ఉందో లేదో, రూట్ టేబుల్‌లో 0.0.0.0/0 (బయటికి వెళ్లే ట్రాఫిక్ అంతా) ఇంటర్నెట్ గేట్‌వే వైపు వెళ్తోందో లేదో చూడండి. 'పర్మిషన్ డినైడ్' అంటే దారి బాగానే ఉంది. తప్పు కీలోనో, యూజర్ పేరులోనో ఉంటుంది. ఉబుంటుకి 'ఉబుంటు', అమెజాన్ లినక్స్‌కి 'ఈసీ2-యూజర్'. ఇంటర్వ్యూల్లో తేడా తెలిసేది ఇలాంటి చోటే. చేత్తో కట్టినదాన్నే చెరిపేసి టెర్రాఫామ్‌తో (కోడ్ రాసి ఇవన్నీ కట్టే సాధనం) మళ్లీ కట్టండి.

డబ్బు జాగ్రత్త! నాట్ గేట్‌వే (ప్రైవేట్ సబ్‌నెట్ నుంచి ఇంటర్నెట్‌కి దారి) ఖాళీగా ఉన్నా గంటల లెక్కన బిల్లు పడుతుంది. బడ్జెట్ అలర్ట్ హెచ్చరిస్తుందే తప్ప దానంతటది ఖర్చు ఆపదు. యాక్సెస్ కీలను (మీ ఖాతా తాళాలు) గిట్‌హబ్‌లో పెట్టకండి.

ఇక సర్టిఫికెట్. ఏడబ్ల్యూఎస్ సొల్యూషన్స్ ఆర్కిటెక్ట్ అసోసియేట్ పరీక్షలో 65 ప్రశ్నలు, 130 నిమిషాలు. వెయ్యికి 720 రావాలి, మూడేళ్లు చెల్లుతుంది. రెజ్యూమె వడపోతలో పనికొస్తుంది, అంతే. డంపులు (బయటికొచ్చిన పరీక్ష ప్రశ్నలు) బట్టీపట్టి పాసైనవాళ్లు ఇంటర్వ్యూలో రెండో ప్రశ్నకే దొరికిపోతారు.